వదలని భుజం

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. సరిగ్గా పండగ ముంగిట్లో మా తమ్ముడు నేవియో చెర్రీ చెట్టెక్కి, కొమ్మ విరిగి కిందపడి, భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. పండక్కి చెర్రీలు ఎవరడిగారో వాడికే తెలియాలి. రేపు సాయంత్రం మా కొండ ఊరు గుబ్బియో వీధుల్లో మూడు చేరోలూ పరుగు తీస్తాయి. ఒక్కొక్కటీ మేడంత ఎత్తు కొయ్య స్తంభం, పైన బుల్లి పునీతుడు, కింద మనుషుల భుజాలు. ముందు ఉబాల్దో, తర్వాత జోర్జో, చివర మా రైతుల అంతోనియో. అంతోనియో చేరో కొండ ఎక్కే తొలి మలుపు దగ్గర, ముందు వరసలో ఎడమ వైపు మోత కర్ర కింద భుజం పెట్టేది మా ఇంటివాళ్ళు. మా తాత పెట్టాడు, మా నాన్న నజ్జరేనో పెట్టాడు, ఆ తర్వాత నేవియో. ఇప్పుడు ఆ చోటికి మా ఇంట్లో భుజం లేదు. నాకు రెండున్నాయి, కానీ ఆడదాని భుజాలు ఈ ఊరి లెక్కలోకి రావు.

చేరో పెద్ద ఎజీదియో తెగేసి చెప్పాడు. ఇవాళ సాయంత్రం ఊరి పెద్ద గంట మోగేలోపు మా నెత్తురు పంచుకున్న మగవాణ్ణి ఒకణ్ణి చూపించాలి. లేకపోతే చోటు కొండవతలి వాళ్ళకి పోతుంది. పోయిన చోటు తిరిగి వచ్చిందని ఈ లోయలో ఎవరూ వినలేదు.

మొగుడున్నాడు కదమ్మా నీకు, అని మీరు అడగొచ్చు. ఉన్నాడు. తుల్లియో తాపీ మేస్త్రీల వంశం, ఉబాల్దో మనిషి, పసుపు చొక్కా. ఉరి తీస్తామన్నా మా నల్ల చొక్కా తొడగడు. మే నెల వచ్చిందంటే మా పడకగదిలో రెండు దేశాలు, మధ్యలో దుప్పటి సరిహద్దు.

ఇంకా మా పొలమింట్లో గది అద్దెకు తీసుకుని దిగిన అతిథులు. లక్సెంబర్గ్ నుంచి మార్సెల్ అనే ముప్పైఎనిమిదేళ్ళ మనిషి, వెంట అతని భార్య తండ్రి అని చెప్పిన ఒక ముసలాయన. గుబ్బియో చూడ్డానికి వచ్చామన్నారు. వచ్చిన రోజు నుంచి మార్సెల్ చూస్తూనే ఉన్నాడు. ముసలాయన మటుకు టోపీ ముక్కు దాకా లాక్కుని పై గదిలోకి వెళ్ళినవాడు మళ్ళీ కిందికి దిగలేదు. వెలుతురు పడదట, మన భాష రాదట. ఊరి వైపున్న కిటికీ తలుపులు మూసేయించుకుని పడుకున్నాడు. పళ్ళేలు మోసేది నేను. నిప్పుల మీద కాల్చిన రొట్టె, క్రేషా, ముక్క మిగల్చకుండా తింటాడు. నేను చేసిన అంజూరపు జామ్ మొదటి రోజు వేలితో నాకి చూశాడు, మళ్ళీ ముట్టుకోలేదు. భాష రాదన్న ధైర్యంతో రోజూ మొహం మీదే అంటున్నాను, "ఏం తాతా, మా జామ్ తింటే నీ పళ్ళూడిపోతాయా?" అని. ఆయన గోడకేసి తిరిగి పడుకుంటాడు.

ఇక ఇవాళ పొద్దువాలే వేళ దగ్గరికి వద్దాం.

పండగ ముందు రోజు రాత్రి మా వాకిట్లో భోజనాలు ఉంటాయి. దానికి కింది కొట్టులో ఉన్న పెద్ద బల్ల పైకి రావాలి. ఓక్ చెక్క బల్ల, తాతల నాటిది, దాని బరువు దాన్ని తిట్టుకుంటూ మోసినవాళ్ళకే తెలుస్తుంది. తల్లకిందులు చేసి నాలుగు మూలలా నలుగురం ఎత్తాం. వెనక నేనూ తుల్లియో. ముందు కుడివైపు నేవియో, ఒక చెయ్యి జోలెలో పెట్టుకుని, మంచి భుజం మీద మోస్తానని మొండికేసి. ముందు ఎడమవైపు మా నాన్న.

"మామయ్యా, ఆ మూల నాకివ్వండి. డెబ్బై దాటాక బల్లలెందుకు?" అన్నాడు తుల్లియో.

"పసుపు చొక్కావాడు నా ముందు నడవడం వీధిలో ఎలాగూ తప్పదు. నా ఇంట్లో కూడానా? వెనకే ఉండు" అన్నాడు నాన్న.

"ప్రతి ఏడూ మేమే గెలుస్తున్నామని మీకు కడుపుమంట."

"గెలవడమేంట్రా? మీ చేరో ముందు పోవాలని రాసుంటే ముందు పోతుంది. రేపు కొండ మీద గుడిలోకి ముందు దూరి, తలుపు మా ముక్కు మీద వేసేస్తే అప్పుడను, గెలిచామని."

"బావా, ఊరుకో. నవ్వితే ఎముక నొప్పెడుతోంది" అని నేవియో మూలిగాడు.

"మగాళ్ళు మాట్లాడ్డం అయిపోతే చెప్పండి, నడుద్దాం. చేరో కిందికి పనికిరాని నా భుజం మీద ఇప్పుడు సగం బల్ల ఉంది" అన్నాను నేను. బల్ల కదిలింది.

కొట్టు నుంచి వాకిలికి మెట్లు లేవు, రాళ్ళు పరిచిన ఏటవాలు దారి ఉంది. సగం ఎక్కేసరికి నాన్న అడుగు తడబడడం బల్ల చెక్కలోంచి నా భుజానికి తెలిసింది. ఆగుదాం నాన్నా అందామని నోరు తెరిచాను. అంతలో మార్సెల్ ఊళ్ళోంచి తిరిగొచ్చి కారు దిగుతూ మమ్మల్ని చూశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పరుగులో చేరో ఆగదు. అలిసినవాడి చోట్లోకి కొత్తవాడు ఆ పరుగులోనే రావాలి. మామూలుగా అందరూ బయటి పక్క నుంచి వస్తారు. పక్కన పరిగెడుతూ పాతవాడి నడుం మీద చెయ్యి వేసి, "వదులు!" అని ఒక్క అరుపు అరుస్తారు. ఆ అరుపు వినపడ్డాక పాతవాడు మరో అడుగు ఉండకూడదు. వంగి బయటికి జారిపోవాలి. జారకపోతే ఒక్క కర్ర కింద ఇద్దరవుతారు, నాలుగు కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడతాయి. మా పిల్లలు నడక నేర్చుకునేటప్పుడే ఇది నేర్చుకుంటారు. బయటివాళ్ళకి ఎన్నిసార్లు చూసినా రాదు.

మార్సెల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. సాయం చెయ్యడానికి వచ్చే అతిథి ఎలా వస్తాడు? చేతులు చాపుకుని, ఎక్కడ పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిరుగుతూ వస్తాడు. ఇతను అలా రాలేదు. మా అడుగులో అడుగు కలిపాడు. బయటి పక్క నుంచి కాదు, బల్ల కిందికి దూరి లోపలి నుంచి పైకి లేచాడు. ఎడమ చెయ్యి నాన్న నడుం మీద పడింది.

"వదులు!"

నాన్న వదల్లేదు.

నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. నాన్న మెడ నరాలు ఉబ్బాయి. బల్లని రెండు చేతులతో ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఒక అడుగు, రెండడుగులు, మార్సెల్ కాలు నాన్న కాలికి మెలిపడింది. బల్ల ఎడమకి వాలి, గోడ పక్కన వరసగా పెట్టిన వైన్ బుడ్లలో పెద్దదాన్ని గుద్దేసి, నేలకి దిగింది. ఎర్రటి వైన్ రాళ్ళ మధ్య నుంచి కిందికి కాలవ కట్టింది.

"పోయింది! మంచి వైనంతా పోయింది!" తుల్లియో నెత్తి పట్టుకున్నాడు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడగడం అతనికి ఆ తర్వాత గుర్తొచ్చింది.

నాన్నకి దెబ్బ తగల్లేదు. తడిసిన రాళ్ళ మీద కూలబడి, మార్సెల్‌ని చూస్తున్నాడు. అలాంటి చూపు నేనెప్పుడూ ఆయన కళ్ళల్లో చూడలేదు.

"లోపలి నుంచి ఎందుకొచ్చావు?" అన్నాడు.

"అలవాటండీ."

"ఎక్కడి అలవాటు? లక్సెంబర్గ్‌లో బల్లలు అలా మోస్తారా?"

మార్సెల్ ప్యాంటు దులుపుకోలేదు, లేవలేదు. "మా పెరట్లో నిచ్చెన ఉండేది. దానికి బొగ్గు బస్తాలు కట్టేవాళ్ళం. ప్రతి మే పదిహేనున, ఇక్కడ చేరోలు పరిగెత్తే సాయంత్రం, నేనూ, వీధిలో పిల్లలూ దాన్ని భుజాన వేసుకుని పెరడంతా పరిగెత్తాలి. అందరూ పిచ్చివాళ్ళనుకునేవారు. ఎడమచేతివాటం మనిషికి లోపలి నుంచి రావడమే తేలికని నేర్పాడు మా నాన్న."

"ఎడమచేతివాటం" అని నాన్న మెల్లిగా తనలో తాను అనుకున్నాడు. "గుబ్బియోలో అలా వచ్చేవాడు ఒక్కడే ఉండేవాడు. మీ నాన్న పేరేంటి?"

"సెత్తిమియో."

మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పైకి అనరు. సెత్తిమియో మా బాబాయి, నాన్నకి తమ్ముడు. నేను ఉయ్యాల్లో ఉన్న ఏడు మా మలుపు దగ్గర చేరో పడింది. అడ్డదిడ్డంగా వచ్చి పడేశాడని ఊరంతా బాబాయి మీద పడింది. తాగి వచ్చాడన్నారు, భయపడ్డాడన్నారు. పండగ వారం తిరక్కుండానే రైలెక్కి గనుల్లోకి పోయాడు. ఇల్లు వదిలి పోయాడు గానీ మాట మమ్మల్ని వదల్లేదు. బళ్ళో పిల్లలు నన్ను చూసినప్పుడల్లా భుజం వంచి తూలి పడినట్టు నటించేవాళ్ళు. నేను వాళ్ళని కొట్టి ఇంటికొచ్చేదాన్ని, అమ్మ నన్ను కొట్టేది.

అవన్నీ ఆ క్షణంలో ఎగిరిపోయాయి. నా మట్టిబుర్రకి తట్టింది ఒక్కటే. ఇతను బాబాయి కొడుకు. మా నెత్తురు. భుజాలు కూడా తలుపులంత ఉన్నాయి.

"నేవియో! మనకి మనిషి దొరికాడు రా! చోటు పోలేదు!" అని గంతేశాను. నేవియో ఉన్న ఒక్క చేత్తో మార్సెల్ మెడ వాటేసుకున్నాడు. "అన్నయ్యా! నా చొక్కా నీకు సరిపోతుందో లేదో, లేకపోతే అక్క కుట్లు విప్పుతుంది!"

"అందుకా, ఫౌంటెన్ చుట్టూ మూడుసార్లు తిరిగి, మాలో ఒకడివైనట్టు ఊరిచ్చే పిచ్చివాడి పత్రం తీసుకో అంటే వద్దన్నావు?" తుల్లియో పొట్ట పట్టుకుని నవ్వాడు. "పుట్టుపిచ్చివాడికి పత్రమెందుకు! అయ్యో, చేజేతులా ఇంకో నల్ల చొక్కావాడికి ఇన్ని రోజులూ తిండి పెట్టాను."

అప్పుడే ఎజీదియో మూడు చక్రాల బండి గేటు దగ్గర ఆగింది. సమాధానం కోసం వచ్చాడు. పారిన వైన్‌నీ, కూర్చున్న నాన్ననీ, ఎగురుతున్న మమ్మల్నీ చూసి, "ఇక్కడ పండగ ఇవాళే మొదలెట్టేశారా?" అన్నాడు.

"ఎజీదియో మామా, ఇడుగో! సెత్తిమియో బాబాయి కొడుకు. రాసుకో ఇతని పేరు!" అన్నాను.

ఎజీదియో మొహంలో నవ్వు ఆరిపోయింది. "సెత్తిమియో కొడుకా" అన్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

మార్సెల్ నేవియో చెయ్యి మెల్లిగా తీసి, లేచి నిలబడ్డాడు. "చూశారా? ఇందుకే నా భార్య ఇంటిపేరుతో గది తీసుకున్నాను. రేపు నేను ఆ కర్ర కిందికి వస్తే, పడేసినవాడి కొడుకొచ్చాడు అంటారు. మా నాన్న ఒక్కటే చెప్పి పంపాడు. చేరో ఎలా పడిందో తెలిసినవాడు ఆ ఇంట్లో ఒకడున్నాడు, ముందు వాడు నోరు విప్పాలి, అప్పటిదాకా నువ్వు భుజం పెట్టొద్దు అన్నాడు."

ఎవరినీ వేలు పెట్టి చూపించలేదు. కానీ మేమందరం ఒక్కసారిగా నాన్న వైపు తిరిగాం. ఆయన అరచేతులు ఇంకా బల్ల అంచు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి.

"నాన్నా, ఇతనేమంటున్నాడు?" అన్నాను.

"నిజమే అంటున్నాడు."

"ఏది నిజం?"

"ఇందాక చూశావుగా ఓర్నెల్లా. అదే." నాన్న నేల మీది బల్ల వైపు చూపించాడు. "ఆ రోజు కర్ర కింద నేనున్నాను. నన్ను దించాల్సినవాడు సెత్తిమియో. వాడు రావాల్సిన చోటుకే వచ్చాడు, రావాల్సినట్టే వచ్చాడు. నడుం మీద చెయ్యి వేశాడు. వదులు అన్నాడు."

"గోలలో వినపడలేదా?" అని నేవియో ఆశగా అడిగాడు.

"వినపడలేదనే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నా. వినపడింది రా. ఆ ఏడు జనం నా పేరు పెట్టి అరుస్తున్నారు. గోడ పక్కన మా నాన్న నిలబడి చూస్తున్నాడు. ఇంకో నాలుగడుగులు నాకే కావాలనిపించింది. అంతే. నాలుగంటే నాలుగడుగులు. వాడు నా కాళ్ళల్లో పడ్డాడు. పడ్డది వాడు కాబట్టి తప్పు వాడిదన్నారు. నేను నిలబడే ఉన్నాను కాబట్టి నన్నెవరూ అడగలేదు."

"అడగకపోతే చెప్పకూడదా?" నాకు తెలియకుండానే అరిచేశాను. "బళ్ళో నేను ఎంతమందితో దెబ్బలాడానో తెలుసా నీకు? ఇంటికొస్తే, పోనీలేమ్మా అనేవాడివి. పోనీలేమ్మా!"

నాకు కోపం వచ్చింది. జాలీ వచ్చింది, అబద్ధమెందుకు, కానీ కోపమే ముందొచ్చింది. ఈ లోయలో ఎవరికైనా గొంతు తగ్గించి సలహా చెప్పే మా నాన్న, పిల్లలకి చేరో కింద ఎలా నడవాలో నేర్పే మా నాన్న, ఇన్నేళ్ళూ తమ్ముడి పేరు మీద నిలబడి ఉన్నాడు.

తుల్లియో మటుకు ఎగతాళి చెయ్యలేదు. వెళ్ళి నాన్న పక్కన, ఆ తడి రాళ్ళ మీదే కూర్చున్నాడు. "మామయ్యా, ఆ నాలుగడుగుల ఆశ లేనివాడు మా పసుపు చొక్కాల్లోనూ లేడు" అన్నాడు. ఎన్నేళ్ళ తర్వాతో ఆ మనిషిని ఎందుకు చేసుకున్నానో నాకు గుర్తొచ్చింది.

ఎజీదియో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నజ్జరేనో, నా దగ్గర చెప్పడం కాదు. రేపు పొద్దున చౌకులో చేరోలు నిలబెట్టే ముందు, మనవాళ్ళందరూ ఉండగా చెప్తావా ఈ మాట?"

నాన్న చాలాసేపు ఆలోచిస్తాడనుకున్నాను. ఆలోచించలేదు.

"చెప్తా. నా మొహాన ఉమ్మేసినా చెప్తా."

"అయితే చోటు మీ ఇంటిదే. ఎవరు నిలబడతారో మీరూ మీరూ తేల్చుకుని నాకు పేరు చెప్పండి. ఆ మనిషిని కాదనే హక్కు రేపు ఎవడికీ లేదు. నేను మాటిచ్చా" అని ఎజీదియో టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు లోయ అవతల, కొండకి అతుక్కుని ఉన్న మా ఊళ్ళో, పెద్ద గంట మోగింది. ఏడాదంతా ఆ మోత కోసమే బతుకుతాం మేము. మొదటి దెబ్బ పొలాల మీదుగా వచ్చి ఛాతీలో తగిలింది. నేవియో విరిగిన ఎముక సంగతి మరిచిపోయి "వచ్చేశారు! తప్పుకోండి, వచ్చేశారు!" అని పండగ కేక వేశాడు. తుల్లియో కళ్ళు తుడుచుకున్నాడు. పసుపైనా నలుపైనా ఆ గంటకి ఏడవనివాడు గుబ్బియోలో పుట్టలేదు. నేనూ ఏడ్చాను. ఎందుకో అడక్కండి, అన్నిటికీ కలిపి.

ఆ మోతలోనే మా తలల మీద కిర్రుమని చప్పుడయింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. కీలుకి నూనె పెట్టమని తుల్లియోకి శీతాకాలం నుంచీ చెప్తున్నాను. అది పై గది కిటికీ.

వచ్చిన రోజు నుంచీ మూసి ఉన్న తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ముసలాయన నిలబడి ఉన్నాడు. టోపీ లేదు. ఒంటి మీద నల్ల చొక్కా, రంగు వెలిసి బూడిదలా అయిన పాత చొక్కా. మెడలో ఎర్ర రుమాలు, నడుముకి ఎర్ర పట్టీ. ఆ ముక్కు మా నాన్న ముక్కే, నేవియో ముక్కే. ఇన్నిసార్లు పళ్ళెం మోసుకెళ్ళి, ఆ ముక్కు నాకెందుకు కనపడలేదో దేవుడికే తెలియాలి.

మా నాన్న లేచాడు. ఎవరూ లేపలేదు, తనంతట తనే లేచాడు.

"ఒరే సెత్తిమియో" అన్నాడు. గంట మోతలో అది మాకే సరిగా వినపడలేదు.

ముసలాయన ఊరి వైపు ఒకసారి చూశాడు, తనివితీరా. తర్వాత కిందికి చూశాడు. మొదట నన్ను చూశాడు.

"ఓర్నెల్లా, నీ జామ్ ఒట్టి పంచదార. మా అమ్మ నిమ్మతొక్క వేసేది." అంత చక్కటి గుబ్బియో పల్లె మాట లక్సెంబర్గ్ నుంచి వచ్చినవాడి నోట వినపడితే, రోజూ నేనన్న మాటలన్నీ గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. "అన్నా, నువ్వు చెప్పింది విన్నాను. కిటికీ మూసున్నా మాట వినపడుతుంది. ఈసారైనా వదులుతావా?"

"వదులుతా రా" అన్నాడు నాన్న. ఏడుస్తూనే అన్నాడు. "చోటు నీ కొడుకుదే. ఎజీదియో, రాసుకో, మార్సెల్..."

"కొడుకుదని ఎవరన్నారు?" బాబాయి కిటికీ చట్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "వాడికి వాడి పెరడుంది, వాడి నిచ్చెనుంది. ఆ రోజు నా భుజం కర్రని తాకలేదన్నా. ఒక్క అడుగు కూడా నాది కాలేదు. ఎజీదియో, మాట ఇచ్చావు, కాదనే హక్కు ఎవడికీ లేదన్నావు. నా పేరు రాసుకో. రేపు ఆ మలుపు దగ్గర నిలబడేది నేను."

నేవియో కేక వేశాడు, తుల్లియో చప్పట్లు కొట్టాడు, మా నాన్న చెయ్యెత్తి "నీదే రా, నీదే!" అని అరుస్తున్నాడు. గంట ఇంకా మోగుతూనే ఉంది. మార్సెల్ ఒక్కడు పాలిపోయి నా వైపు చూశాడు. నేనూ అతని వైపే చూశాను. ఎందుకంటే పళ్ళేలు మోసినదాన్ని నేను. మంచం మీద నుంచి ఆ కిటికీ దాకా రావడానికి, మా బాబాయి గోడ పట్టుకుని నడుస్తాడు.